లోపలి చెయ్యి

మా షెడ్డులో దెయ్యాలకి చోటు లేదు. ఉన్న చోటు పాత బంపర్లకీ, పగిలిన లైట్లకీ, ఎప్పటికైనా పనికొస్తాయని నాన్న దాచిపెట్టిన ఇనప ముక్కలకే చాలదు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నాకు భయమల్లా తుప్పంటేనే. పైకి చిన్న బుడగలా కనిపిస్తుంది, గోటితో గీకి చూస్తే లోపల రేకంతా తినేసి ఉంటుంది. ఆ పికప్ ట్రక్కు మా షెడ్డుకి వచ్చేదాకా నా బుద్ధి అలాగే ఉండేది.

మా పని సంగతి కాస్త చెప్పాలి. పెద్ద ఫెండరుకి, అంటే చక్రం మీది రేకుకి, సొట్ట పడితే దాన్ని తీయడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు బయట కూర్చుని సుత్తితో కొట్టాలి. ఇంకొకరు రేకు వెనక్కి చెయ్యి పోనిచ్చి, దెబ్బ పడేచోట సరిగ్గా ఇనప దిమ్మని ఆనించి పట్టుకోవాలి. బయటి చెయ్యి, లోపలి చెయ్యి అంటాం. బయట కూర్చున్నవాళ్ళకి లోపలివాళ్ళు కనపడరు. శబ్దమే ఆనవాలు. దిమ్మ ఆని ఉంటే దెబ్బ టక్కుమని గట్టిగా పలుకుతుంది, లేకపోతే బోలుగా మోగుతుంది. ఒక చోటు సాపయ్యాక లోపలి చెయ్యి దిమ్మతో ఒకసారి తడుతుంది, పక్క చోటికి రమ్మని. పని ఆపాలంటే బయటి చెయ్యి సుత్తి కర్రతో రేకుని మెల్లగా రెండుసార్లు తట్టాలి. ఇక చాలు, చెయ్యి తీసుకో అని. ఆ రెండు తట్లూ తట్టకుండా నేను సుత్తి కింద పెడితే నాన్న నా వీపు విమానం మోత మోగించేవాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బయటి చెయ్యి నాన్నదే, లోపలి చెయ్యి నాది. ఆయన కళ్ళు మసకబారాక చోట్లు మార్చుకున్నాం. బయట కూర్చోవాలంటే చూపు ఉండాలి, లోపలికి అరచేయి చాలు. చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పిన రోజుల్లో నాన్న మంచం దిగలేదు. అమ్మ వండినది వండినట్టే ఉండేది. అలాంటి మనిషిని బతిమాలి షెడ్డుకి తీసుకొచ్చి, బండి కింద పడుకోబెట్టి దిమ్మ చేతికిస్తే, ఆ సాయంత్రానికే నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు విని నేను షెడ్డు వెనక్కి పోయి కళ్ళు తుడుచుకున్నాను. అయితే ఆయన గుండె కూడా అంతంతమాత్రమే. అందుకే అమ్మ రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడి ఒకే మాట అనేది.

"తీసుకెళ్తున్నది నువ్వే. తీసుకొచ్చేదీ నువ్వే."

ఆ ట్రక్కు మొక్కల నర్సరీ నడిపే ఒకావిడది. ఇంజను బాగానే ఉంది. వెనక తొట్టి మాత్రం జల్లెడ అయిపోయింది. తడి మట్టి, కుండీలు, నీళ్ళు మోసీ మోసీ అడుగు రేకుని తుప్పు తినేసింది. చక్రాల మీద గుండ్రంగా వంగి ఉండే వెనక ఫెండర్లు రెండూ సొట్టలే. తొట్టి బాగు చేస్తే చాలని ఆవిడ అంది. ఇల్లు పీకి పందిరి వేయడం నాన్నకి అలవాటు. తొట్టి అడుగంతా కోయించి కొత్త రేకు అతికించాడు, బోల్టులన్నీ విప్పించి కిరసనాయిల్లో నానబెట్టించాడు, నా చేత వైరు బ్రష్షుతో మూల మూలలా గీకించాడు. ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది. కుడి ఫెండరు సాపు చేసి ప్రైమరు కూడా కొట్టేశాం.

ఎడమ ఫెండరు దగ్గరే తేడా కనిపించింది. దాని ముందువైపు సగాన్ని ఎవరో ఇదివరకే చక్కగా తీర్చి పెట్టారు. పైన తుప్పు పట్టింది గానీ కింద రేకు గాజులా ఉంది. ఆ తీర్చిన పని ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి వెనక లైటు దాకా నలిగిన రేకు నలిగినట్టే ఉంది. నాన్న దాని మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవడో మొనగాడు తీశాడే ఇది," అన్నాడు. "లోపల పట్టినవాడు మొనగాడు. ఇలాంటి పట్టు నేను ఎరగను."

నర్సరీ ఆవిడని అడిగాను. చాలా ఏళ్ళ కిందట, వాళ్ళాయన ఉన్నప్పుడు, ఇద్దరు పనివాళ్ళకి ఇచ్చారట.

"పని సగంలో ఉండగా ఒకాయన బండిని తాడు కట్టి లాక్కొచ్చి మా గేటు బయట వదిలేశాడమ్మా. మీరు ఇద్దరు కదా, రెండో ఆయనేడీ అని అడిగాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇద్దర్లో ఎవరూ కనపడలేదు."

"గొడవపడి ఉంటారు," అన్నాను నేను. పనివాళ్ళన్నాక గొడవలు మామూలే.

ఎడమ ఫెండరు మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. మర్నాడు పొద్దున్న ఆవిడ బండి చూడటానికి వస్తానంది. చక్రం ఊడదీసి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, నాన్న అవతలి వైపు నుంచి గోనెపట్టా మీద వెల్లకిలా బండి కిందికి జరిగాడు. తొట్టి పక్కగోడకీ ఫెండరుకీ మధ్య మోచేయి పట్టేంత సందు ఉంది. అందులోంచి ఆయన చెయ్యి పైకొస్తుంది. నేను ఇవతల పీట మీద కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను.

కాసేపటికి వాన వచ్చింది. షెడ్డు పైకప్పు రేకులది. వాన పడితే లోపల మాటలుండవు. నాకు వినిపించేదల్లా నా సుత్తి, అది కూడా చెవితో కాదు, మణికట్టుతో. టక్. టక్. టక్. దిమ్మ తట్టగానే పక్కకి జరగడం, మళ్ళీ టక్. తడిసిన ఇనుము వాసన, కిరసనాయిలు వాసన. మధ్య మధ్యలో ఫెండరు అంచు కింద నుంచి ఇంకో వాసన చల్లగా వచ్చేది. ఎన్నాళ్ళో ఉతకని పని బట్టల్లో చెమట వాసన. అది మా ఇద్దరిలో ఎవరిదో అనుకున్నాను.

ఆ రోజు పని నడిచినట్టు ఎప్పుడూ నడవలేదు. నా దెబ్బ ఎక్కడ పడబోతోందో ముందే తెలిసినట్టు దిమ్మ అక్కడ సిద్ధంగా ఉంటోంది. గట్టిగా కొడితే గట్టిగా ఆనుతోంది, మెల్లగా కొడితే మెల్లగా. రేకు మైనంలా లొంగిపోతోంది. నాన్న చెయ్యి ఇంత బాగా కుదిరిందా అని నాకు గర్వంగా అనిపించింది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలనుకున్నాను. నవ్వుకుంటూ ఇంకా జోరుగా కొట్టాను.

అప్పుడు నా భుజం పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి టీ గ్లాసు కింద పెట్టింది.

తల తిప్పి చూశాను. నాన్న. ఒళ్ళంతా వాన తడి. ఇంకో చేతిలో ఆయన గ్లాసు. పైకెత్తిన నా సుత్తి ఆగలేదు, దాని దారిన అది దిగింది.

టక్.

బోలుగా మోగలేదు. దిమ్మ ఆనే ఉంది.

చెవుల్లో దూది లాగేశాను. "నాన్నా... నువ్వు ఎప్పుడు బయటికొచ్చావు?"

"ఇందాకే వచ్చాను. నడుం పట్టేసింది. వీధి చివర టీ బడ్డీ దాకా వెళ్ళొచ్చాను, అలవాటైన దారేగా. పిలిచాను, నీకు వినపడితేగా."

నేను సుత్తి చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఫెండరు లోపలి నుంచి ఒక తట్టు వినిపించింది. పక్క చోటికి రమ్మని.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల ఎవరో దిమ్మ పట్టుకున్నారని నాన్నకి చెప్పాను. ఆయన నవ్వాడు.

"దిమ్మని ఆ సందులో ఇరికించి వెళ్ళానే. అదే ఆని ఉంటుంది. పైనుంచి వాన కారుతోంది కదా, ఆ చుక్కల చప్పుడు నీకు తట్టినట్టు ఉంది. సుత్తి పట్టుకునేదానివి, ఇంత పిరికిదానివేంటే?"

ఇరికించిన దిమ్మ ఒకచోటే ఉంటుంది. నేను కొట్టే చోటు అప్పటికి జానెడు పైనే జరిగింది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. అయినా నాన్న మాట నమ్మాలనిపించింది, నమ్మాను. చిన్నప్పటి నుంచీ ఇనుము గురించి ఆయన చెప్పినది తప్పు కాలేదు. టీ తాగాం. అప్పుడే కరెంటు పోయింది.

ఛార్జింగు లైటు వెలిగించి పీట పక్కన పెట్టాను. దాని వెలుగు ఫెండరు దాకా వచ్చి ఆగిపోయింది. బండి కింద నల్లగా ఉంది.

"ఇక రేపు చూద్దాం నాన్నా."

"ఇంకెంతుంది? జానెడు. చీకటైతే నాకేంటి, నాకు పగలూ రాత్రీ ఒకటే," అంటూ ఆయన గోనెపట్టా మీద వాలిపోయాడు. మొండితనంలో ఆయనకి ఆయనే సాటి. వద్దని చెయ్యి పట్టుకుని ఉండాల్సింది. గుండె బలహీనమని ఒకసారి, కళ్ళు లేవని ఒకసారి, అప్పటికే ఆయన్ని చాలాసార్లు ఆపాం. ఇంకోసారి ఆపితే ఆ మొహం ఎలా వాడిపోతుందో నాకు తెలుసు.

"కొట్టు," అన్నాడు కింది నుంచి.

కొట్టాను. టక్. మళ్ళీ. టక్.

వాన కొంచెం నెమ్మదించింది. ఈసారి నేను దూది పెట్టుకోలేదు. ప్రతి దెబ్బకీ చెవి రేకు మీదే ఉంది. పట్టు బాగానే ఉంది. అతి బాగా ఉంది. నాన్న పట్టులో ఒక చిన్న ఆలస్యం ఉంటుంది, వయసు వల్ల. ఇందులో అది లేదు.

"నాన్నా?"

సుత్తి ఆపాను.

అప్పుడు ఫెండరు కింద నుంచి గుసగుసగా ఆయన గొంతు వచ్చింది.

"అమ్మాయ్... నువ్వు చెయ్యి లోపల పెట్టావా?"

"లేదు నాన్నా. రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయి."

ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

"నా చేతి మీద... ఒక చెయ్యి ఉందే."

"బయటికి వచ్చేయ్."

"వదలట్లేదు."

సుత్తి తిప్పి పట్టుకుని కర్రతో రేకుని రెండుసార్లు తట్టాను. మెల్లగా, పద్ధతిగా. చాలు, చెయ్యి తీసుకో. మా పనిలో ఆ మాటకి ఎదురు లేదు. లోపలి చెయ్యి ఎవరిదైనా, తిరిగిరాని ఆ రెండో పనివాడిదైనా, వదలాలి.

లోపలి నుంచి ఒక్క తట్టు. పక్క చోటికి రమ్మని.

"కొట్టవే," అన్నాడు నాన్న. ఆ గొంతులో నొప్పి ఉంది. "నువ్వు ఆపితే బిగిస్తున్నాడు... కొట్టు."

కొట్టాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపితే నాన్న చెయ్యి నలిగిపోతుంది. ఆపకపోతే ఆ జానెడూ అయిపోతుంది. అయిపోతే ఏమవుతుందో నాకు తెలీదు. చెమటకి వేళ్ళ మధ్య సుత్తి కర్ర జారిపోతోంది. టక్... టక్... దెబ్బ పడ్డ ప్రతిసారీ రేకు సాపు అవుతూనే ఉంది. ఇంత భయంలోనూ నా చెయ్యి వంకరగా కొట్టడం లేదు. దిమ్మ నా దెబ్బ కిందికి తానే వచ్చి కూర్చుంటోంది.

"అమ్మాయ్, విను." నాన్న గొంతు ఈసారి కొంచెం నిలకడగా ఉంది. "పనివాడే వీడు. దెబ్బ పడ్డప్పుడు పట్టు సడలిస్తున్నాడు... మణికట్టు అదరకుండా. మనం సడలిస్తాం కదా, అలాగే. అప్పుడు లాగు."

అర్థమైంది. కుడి చేత్తో కొడుతూనే పీట మీంచి మోకాళ్ళ మీదికి దిగాను. ఎడమ చెయ్యి ఫెండరు అంచు కిందికి పోనిచ్చాను. చీకట్లో చల్లటి గాలి తగిలింది, ఆ చెమట వాసన తగిలింది. నాన్న భుజం దొరికింది. చొక్కా గుప్పిట్లో బిగించాను. ఇంకా పైకి, ఆయన మోచేయి దాకా తడిమాను. అంతకు పైకి వెళ్ళలేదు. అక్కడ ఇంకో చెయ్యి ఉంటుందని తెలుసు, అది నా చేతికి తగిలితే నేను సుత్తి వదిలేస్తానని కూడా తెలుసు.

"గట్టిగా కొట్టు," అన్నాడు నాన్న.

ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఆ దెబ్బతో పాటే లాగాను.

ఆయన చెయ్యి ఊడి వచ్చింది. ఫెండరు కింద నుంచి, ఇనప అంచుకి భుజం గీరుకుంటూ, నాన్న మొత్తం నా మీదికి వచ్చి పడ్డాడు. ఆయన చేతిలో దిమ్మ లేదు. పైన సందులో వదిలేసిన దిమ్మ నేల మీద పడాలి. అంత బరువున్న ఇనప ముక్క సిమెంటు మీద పడితే వీధికి వినపడుతుంది.

పడలేదు.

సుత్తి అక్కడే విసిరేశాను. నాన్నని లేపి, నడిపించి, సగం మోసి బయటికి తీసుకొచ్చాను. షట్టరు దించి తాళం వేశాను. లోపలి నుంచి తట్టు వినిపిస్తుందని ఎదురు చూశాను. వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది.

షెడ్డు ఊరికి ఆ చివర, మా ఇల్లు ఈ చివర. దారి పొడుగునా నాన్న చెయ్యి వదల్లేదు నేను. ఇంట్లో దీపాల వెలుగులో ఆ చెయ్యి తిప్పి తిప్పి చూశాను. ఒక గీత లేదు, కమిలిన మచ్చ లేదు. భుజం గీరుకుపోయిందని అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. తిట్టనీ అనుకున్నాను. తీసుకెళ్ళినదాన్ని నేనే, తీసుకొచ్చినదాన్నీ నేనే. ఆ ట్రక్కు ముఖం మళ్ళీ చూడను, పొద్దున్నే ఆవిడకి చెప్పి లాక్కుపొమ్మంటాను. నాన్న రెండు ముద్దలు తిని పడుకున్నాడు. ఆయన ఊపిరి సమంగా నడుస్తోంది. అది వింటూ మంచం పక్కన కింద కూర్చున్నాను. దిమ్మ పట్టిన ఆయన కుడి చెయ్యి నా చేతుల మధ్య పెట్టుకున్నాను. బతికాం అనిపించి, అప్పుడు ఏడుపొచ్చింది.

వాన పూర్తిగా ఆగిపోయింది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు.

నా చేతుల్లో నాన్న అరచేయి అదిరింది.

నిద్రలో ఉలిక్కిపడ్డాడనుకున్నాను. మళ్ళీ అదిరింది. కాస్త ఆగి మళ్ళీ. వేళ్ళు మెల్లగా ముడుచుకుని, ఏదో బరువైనదాన్ని పట్టుకున్నట్టు నిలిచాయి. అదిరే ముందు కొంచెం సడలుతున్నాయి, అదిరాక మళ్ళీ బిగుస్తున్నాయి. ఆ లయ నాకు తెలుసు. దానికి తగ్గ చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. షట్టరు తాళంచెవి నా కొంగుకే ఉంది. సుత్తి షెడ్డు నేల మీద ఉంది.

రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆపబోయాను. ఆగలేదు. ఆయన చెయ్యి నా చేతుల్లోంచి వేలెడంత పక్కకి జరిగి, అక్కడ ఆనుకుని, సిద్ధంగా నిలబడింది. అదిరింది. ఇనుము తగిలినంత చల్లగా ఉంది.

"నాన్నా," అన్నాను. "నాన్నా, లే."

ఆయన కళ్ళు తెరవలేదు. ఎన్నో నెలలుగా ఆ మొహంలో నేను చూడని సంతోషం ఉంది. పని బాగా కుదిరిన రోజు మొహం అది.

"నువ్వు పడుకో అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఇంకొంచెమే ఉంది."

ఆయన చెయ్యి ఇంకో వేలెడు పక్కకి జరిగింది.